పాల క్యానులో బంతులు

ఆ ఏడు మే నెల సగమయ్యేసరికి టోర్సన్ మిల్స్ ఊరి బేస్‌బాల్ జట్టు ఐదు ఆటలు ఆడి ఐదూ ఓడింది. ఓడిపోవడం వింతేమీ కాదు. విస్కాన్సిన్‌లో ప్రతి ఊరికీ ఒక జట్టుంటుంది, ప్రతి ఆదివారం వాటిల్లో సగం ఓడిపోవాలి. వింత ఏమిటంటే ఆ ఐదు ఆటల్లో కలిపి మనవాళ్ళు చేసిన పరుగులు మూడు. అందులో ఒకటి అవతలి ఆటగాడికి సమయానికి తుమ్ము రావడం వల్ల వచ్చింది. రెండోది అంపైరు జాలిపడి ఇచ్చాడని గిట్టనివాళ్ళు అంటారు. మూడోది ఎలా వచ్చిందో ఆ పరుగు చేసినవాడికి కూడా గుర్తు లేదు.

బంతిని బ్యాట్‌తో కొట్టి, దాన్ని ఎవరో ఏరుకుని విసిరేలోగా పరుగెత్తి మొదటి బేసు మీద కాలు మోపితే దాన్ని హిట్ అంటారు; అలా మూడు బేసులూ చుట్టి బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. ఈ సంగతి మనవాళ్ళకు తెలియక కాదు. ఇరవయ్యేళ్ళుగా తెలుసు. తొమ్మిదిమందికీ ఇరవయ్యేళ్ళుగా తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ తొమ్మిదిమంది వయసులూ కలిపితే మూడువందల ఎనభై తొమ్మిది. రెండో బేసు దగ్గర నిలబడేవాడికి మొన్న మార్చిలో మనవరాలు పుట్టింది. సెంటర్ ఫీల్డులో ఆడే ఓరిన్ అయితే రెండు కళ్ళజోళ్ళు తెచ్చుకునేవాడు. బంతి దూరాన ఉన్నప్పుడు ఒకటి, దగ్గరికి వచ్చాక రెండోది. మార్చుకునే వ్యవధి చాలకపోవడమొక్కటే ఇబ్బంది.

మరి కుర్రవాళ్ళను పెట్టుకోవచ్చు కదా అని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతారు. వాళ్ళకు పలకల సంగతి తెలియదు. మైదానం పక్కన ఆటగాళ్ళు కూర్చునే రేకుల కొట్టంలో, వెనక గోడకు తొమ్మిది మేకులు, తొమ్మిది దేవదారు చెక్క పలకలు ఉంటాయి. ఒక్కో పలక మీద ఒక్కో పేరు. పైనుంచి కిందికి ఏ వరసలో వేలాడితే ఆ వరసలోనే బ్యాట్ పట్టుకుని వెళ్ళాలి. ఒకడి పలక మీద ఇంకొకడు చెయ్యి వెయ్యకూడదు. ఎవడి పలక వాడే తీసుకోవాలి. తీసినవాడు దాన్ని సారా కొట్టుకు పట్టుకెళ్ళి కౌంటరు పైన తగిలించి, మరుసటి ఆదివారం నుంచి సాసేజీల పొయ్యి దగ్గర పట్టకారు పట్టుకుంటాడు. తాతల నాటి పద్ధతి అది. వెనకటికి ఒక మేనేజరు ఉక్రోషం పట్టలేక వేరొకడి పలక పీకేశాడట. ఆ ఏడు అతని తోటలో ఒక్క క్యాబేజీ మొలవలేదు. అతను విత్తనం వేశాడా అన్నది మాత్రం ఎవరూ విచారించలేదు.

ఆ వరసలో నాలుగో పలక ఆర్లిన్ స్కోగ్‌ది. వయసు నలభై నాలుగు. ఊరి చీజ్ ఫ్యాక్టరీలో పని, ఆదివారాలు జట్టుకు క్యాచర్. అంటే పిచర్ విసిరే బంతిని పట్టడానికి బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చునే మనిషి. ఇరవై రెండేళ్ళుగా అలా కూర్చుని కూర్చుని, చర్చిలో లేచి నిలబడమన్నప్పుడు కూడా అతని మోకాళ్ళు కాసేపు ఆలోచించుకునేవి.

మేనేజరు రోలాండ్ ఫెన్స్కే వృత్తికి మంగలి. పలక మీద చెయ్యి వేసే హక్కు లేకపోయినా తల మీద వేసే హక్కు ఉంది. ఒక శుక్రవారం ఆర్లిన్ క్షవరానికి వస్తే, ఎడమ సగం చక్కగా కత్తిరించి, కత్తెర బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఏమైంది? కత్తెర మొండిదైందా?” అన్నాడు ఆర్లిన్.

“ఈ ఏడు నువ్వు ఎన్నిసార్లు బ్యాట్ పట్టుకెళ్ళావో తెలుసా?”

“నువ్వు చెప్తావుగా.”

“పంతొమ్మిది సార్లు. హిట్లెన్ని?”

“ఆ రెండో ఆటలో ఒకటి దాదాపు…”

“దాదాపులకి పరుగులివ్వరు. సున్నా! మా అమ్మకి ఎనభై మూడేళ్ళు. ఆవిణ్ణి పంతొమ్మిది సార్లు నిలబెడితే ఒక్కటైనా తగిలి ఉండేది.”

“మీ అమ్మది ఎడంచేతివాటం కదరా. వాళ్ళకి తేలిక.”

రోలాండ్ నవ్వలేదు. “నాలుగో చోటులో ఉన్నవాడికి సున్నా ఉంటే, ముందు ముగ్గురు బేసు మీదికి వెళ్ళి ఏం చెయ్యాలి? నిలబడి గాలి పీల్చుకోవాలా? ఇదిగో, సోమవారం మెమోరియల్ డే. బెల్ ప్రెయిరీ వాళ్ళతో ఆట. ఆ రోజు ఒక్క హిట్ కొట్టు, నీ పలక జోలికి నేను రాను. కొట్టలేదా, నీ చేత్తో నువ్వే తీసెయ్. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోకపోతే?”

“సారాకొట్లో శుక్రవారం చేపల విందుకి వెళ్తావుగా. ఇలాగే వెళ్ళు.”

ఆర్లిన్ అద్దంలో చూసుకున్నాడు. ఎడమవైపు నుంచి చూస్తే బ్యాంకు మేనేజరులా ఉన్నాడు. కుడివైపు నుంచి చూస్తే ఆ బ్యాంకును దోచుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. చెయ్యి చాచాడు. రోలాండ్ ఆ చెయ్యి పట్టుకుని ఊపి, కత్తెర అందుకున్నాడు.

“మిగతా ఎనిమిదిమందికీ చెప్పావా ఈ మాట?”

“వాళ్ళకి తలా ఒకటో రెండో ఉన్నాయి. మన పిచర్ డెల్మర్‌క్కూడా ఒకటుంది, వాడు కళ్ళు మూసుకుని కొడతాడు. అసలు వాణ్ణి చూసి నేర్చుకోరా! నలభై ఆరేళ్ళకి వాడి చెయ్యి మళ్ళీ కుర్రతనం తెచ్చుకుంది. ఐదు ఆటల్లో ఎనిమిది పరుగులిచ్చాడు, ఎనిమిదే! నిరుడు ఒక్క మధ్యాహ్నం అంతకంటే ఎక్కువ ఇచ్చేవాడు. దేవుడి దయ కాకపోతే ఏంటిది?”

ఆర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. వేడినీళ్ళ తువ్వాలు వల్ల అనుకున్నాడు రోలాండ్.

దేవుడి దయ కాదది. చీజ్ ఫ్యాక్టరీ చలవ. ఆ సంగతి తెలిసినవాడు ఊళ్ళో ఆర్లిన్ ఒక్కడే, కనీసం అతను అలా అనుకున్నాడు.

నిరుడు ఆగస్టులో ఇదే బెల్ ప్రెయిరీ వాళ్ళు డెల్మర్ కుబియాక్ విసిరిన బంతుల్ని ఐదుసార్లు కంచె దాటించారు. ఒకటి చర్చి పాస్టరుగారి కోళ్ళగూట్లో పడింది, ఆ దెబ్బకు ఒక కోడి మూడు వారాలు గుడ్డు పెట్టడం మానేసింది. ఇంకొకటి రోడ్డు మీద పోతున్న మొక్కజొన్న లారీలో పడింది. ఆ లారీ అయోవా పోతోంది. అంటే ఆ బంతి రెండువందల మైళ్ళు వెళ్ళి ఇంకో రాష్ట్రంలో దిగిందన్నమాట. బేస్‌బాల్ పుట్టాక అంత దూరం పోయిన దెబ్బ లేదని ఊరంతా ఒప్పుకుంది, డెల్మర్ తప్ప. అతను ఆట అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా కొట్టంలోకి వెళ్ళి, తొమ్మిదో మేకు దగ్గర నిలబడి, తన పలక మీద చెయ్యి వేశాడు.

ఆర్లిన్ వెనకే వెళ్ళాడు. “ఇవాళ గాలెక్కువగా ఉంది. గాలిరోజు ఏదీ తేల్చుకోకూడదు” అన్నాడు. అంతకంటే మంచి మాట ఆ సమయానికి తోచలేదు. డెల్మర్ చెయ్యి దించేశాడు. భార్య పోయాక డెల్మర్‌కు వారంలో ఆరురోజులు నలభై ఆవులతోనే మాట. అవి శ్రద్ధగా వింటాయి గానీ తిరిగి ఏమీ అనవు. ఏడో రోజు కూడా పోతే ఆ మనిషి ఏమవుతాడో ఆర్లిన్‌కు ఊహించుకోబుద్ధి కాలేదు.

జట్టు బంతులు క్యాచర్ దగ్గర ఉండటం రివాజు. ఆర్లిన్ కిందటేడు మిగిలినవీ, కొత్తగా కొన్నవీ కలిపి నాలుగు డజన్ల బంతుల్ని ఒక పాత పాల క్యానులో పోసి మూత బిగించి, ఫ్యాక్టరీలో చీజ్ మాగబెట్టే చల్లగదిలో, చెడర్ చీజ్ చక్రాల వెనక పెట్టాడు. చలికాలమంతా అవి అక్కడే మాగాయి. ఇప్పుడు ఆట రోజున క్యాను తిన్నగా అక్కణ్ణుంచే వస్తుంది, కొట్టం నీడలో మూతతో కూర్చుంటుంది. చల్లటి బంతిని ఎంత బలంగా కొట్టినా తడిసిన బంగాళదుంపను కొట్టినట్టే. ఎగరదు. నాలుగడుగులు పోయి, అలిసిపోయి, కూలబడుతుంది. ఏప్రిల్ చలిలో అందరి చేతులూ కొయ్యబారి ఉంటాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మే ఎండలు వచ్చాక అంపైరు మాత్రం అప్పుడప్పుడు బంతిని కీళ్ళనొప్పి ఉన్న మోకాలికి అద్దుకుని, “హాయిగా ఉందబ్బా” అనేవాడు.

ఉపాయం బ్రహ్మాండంగా పారింది. అవతలివాళ్ళ దెబ్బలు చచ్చిపోయాయి. డెల్మర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఒక్క చిన్న సంగతి ఆర్లిన్ బుర్రకు తట్టలేదు. అవతలివాళ్ళు కొట్టిన బంతినే కాసేపటికి మనవాళ్ళూ కొట్టాలి. ఈ సంగతి అతనికి మూడో ఆటలో, తను చేతులు జిల్లుమనేలా కొట్టిన బంతి పిచర్ కాళ్ళ దగ్గర ఆగి నిద్రపోయినప్పుడు తట్టింది. అప్పటికి ఊరంతా ముసలితనాన్ని తిట్టడం మొదలుపెట్టింది. రెండు జట్లకీ ఒకే బంతి కదా, ఇందులో మోసమేముందని ఆర్లిన్ తనకు తాను చాలాసార్లు నచ్చజెప్పుకున్నాడు. రెండుసార్లు నమ్మాడు కూడా.

ఆదివారం పొద్దున కాఫీ పోస్తూ అతని భార్య మార్లిస్ అంది, “నీ చేతి తొడుగు చీజ్ వాసనేస్తోంది.”

“నేను పనిచేసేది అక్కడేగా.”

“తొడుగు పనిచెయ్యదుగా అక్కడ.” ఎదురుగా కూర్చుంది. ఆవిడ ముందు ఆర్లిన్ ఎప్పుడూ ఎక్కువసేపు నిలవలేదు. ఐదు నిమిషాల్లో పాల క్యాను, లారీ, కోడి అన్నీ బయటపడ్డాయి. మార్లిస్ అంతా విని, చక్కెర కలుపుకుని, “రేపు పొద్దున ఆ క్యానుని ఎండలో పెట్టు. నీకో హిట్ వస్తుంది, గొడవ వదుల్తుంది” అంది.

“మరి డెల్మర్?”

“డెల్మర్‌కేం? నలభై ఆవులున్నాయి.”

“నా బాధ కూడా అదే.”

మార్లిస్ కప్పు ఖాళీ చేసింది. “ఇరవై రెండేళ్ళు చతికిలబడి కూర్చుంటే మోకాళ్ళే పోతాయనుకున్నా” అని లేచి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున శ్మశానంలో యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధుల మీద జెండాలు పెట్టారు, బాకా ఊదారు. అది అయ్యాక ఆర్లిన్ ఫ్యాక్టరీకి వెళ్ళి పాల క్యానును చల్లగది నుంచి మోసుకొచ్చి, పాల లారీలు ఆగే అరుగు మీద మంచి ఎండలో పెట్టాడు. మూత తీశాడు. బంతుల మీద సన్నటి చెమట పట్టింది. పక్కనే కూర్చుని, పంటి కింద కీచుమనే తాజా చీజ్ ముక్కలు గుప్పెడు నముల్తూ, ఇది తప్పా ఒప్పా అని ఆలోచించసాగాడు. ఒప్పే అని దాదాపు తేలుతుండగా డెల్మర్ ట్రక్కు వచ్చి ఆగింది.

డెల్మర్ జట్టు దుస్తులు ఇస్త్రీ చేసుకున్నాడు. ఇస్త్రీ ఇదివరకు అతని భార్య చేసేది. ఒక కాలి మడత ముందుకుంది, రెండో కాలి మడత పక్కకుంది. దూరం నుంచి చూస్తే మనిషి రెండు దిక్కులకు బయల్దేరినట్టున్నాడు.

“ఏరా, ఎండకాగుతున్నావా?” అన్నాడు కిటికీలోంచి.

“చీజ్ తింటున్నా.”

“తిను, తిను. ఇవాళ బెల్ ప్రెయిరీ వాళ్ళకి ఒక్క పరుగు కూడా ఇవ్వను, చూస్కో. ఆ అయోవా కబుర్లు చెప్పినవాళ్ళందరి నోళ్ళూ మూయిస్తా. పొద్దున పాలు పితుకుతుంటే ఆవులక్కూడా చెప్పా.”

“ఏమన్నాయి?”

“నమ్మలేదు.” నవ్వి, ట్రక్కు పోనిచ్చాడు.

ఆర్లిన్ ఆ ట్రక్కు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తర్వాత క్యాను మూత బిగించి, మళ్ళీ చల్లగదిలోకి మోసుకెళ్ళి, చెడర్ చక్రాల వెనక పెట్టి, ఆటకు అరగంట ముందుదాకా అక్కడే ఉంచాడు.

ఆ మధ్యాహ్నం రెండు జట్లూ బంతిని చాలా బలంగా కొట్టాయి, బంతి ఎక్కడికీ పోలేదు. బెల్ ప్రెయిరీలో అందరూ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు, ఎద్దుల్లా ఉన్నారు. వాళ్ళు కొట్టిన చప్పుడుకు జనం లేచి నిలబడేవాళ్ళు, బంతి ఎక్కడ పడిందో చూసి మళ్ళీ కూర్చునేవాళ్ళు. ఆర్లిన్ మూడుసార్లు బ్యాట్ పట్టుకెళ్ళాడు. ఒకసారి బంతి పిచర్ దగ్గరికి దొర్లింది. మిగతా రెండుసార్లు అంతదూరం కూడా పోలేదు. ఇరవై రెండింటికి సున్నా. అటు సున్నా, ఇటు సున్నా, ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చింది.

మనవాళ్ళ వంతు. మొదటివాడు భుజానికి బంతి తగిలించుకుని మొదటి బేసు సంపాదించాడు. బంతి తప్పించుకునేంత చురుకు లేకపోవడం ఇలా ఒక్కోసారి పనికొస్తుంది. అవతలి పిచర్ గురి తప్పి విసిరిన బంతికి రెండో బేసు చేరాడు. తర్వాతివాడు తను అవుటవుతూ అతణ్ణి మూడో బేసుకు నెట్టాడు. ఆ తర్వాతివాడు బ్యాట్ కదపకుండా నిలబడితే, గురి తప్పిన బంతుల లెక్కన నడిచి మొదటి బేసు చేరాల్సిందే గానీ, తొందరపడి గాల్లోకి బ్యాట్ ఊపి, కలుక్కుమన్న నడుం పట్టుకుని కూలబడ్డాడు. ఆడటానికి బదులు మనిషి లేడు. ఇరు జట్లూ మాట్లాడుకుని అతణ్ణి అవుట్ల లెక్కలోంచి వదిలేశాయి, ఊరి ఆటల్లో అలాంటివి చెల్లుతాయి. మూడో బేసు మీద మనిషి, ఒక అవుట్. నాలుగో పలక వంతు వచ్చింది.

ఆర్లిన్ మొదటి బంతిని పక్కకు కొట్టాడు. అది వెనక్కి లేచి మైదానం వెనకున్న శ్మశానంలో, జెండాల మధ్య పడింది. అక్కణ్ణుంచి ఆ రోజు ఎవరూ బంతి తేరు. అంపైరు సంచీ తడుముకున్నాడు, ఖాళీ.

“బంతి కావాలి!” అని కేకేశాడు.

“కూర్చోండి, నేను తెస్తా” అంటూ డెల్మర్ కొట్టంలోంచి లేచాడు. పాల క్యాను అతని పక్కనే ఉంది. డెల్మర్ దాన్ని దాటుకుని, జనాన్ని దాటుకుని, సాసేజీల పొయ్యి దాకా వెళ్ళాడు. అక్కడ సాసేజీలు ఉల్లిపాయలతో కలిసి బీరులో ఉడుకుతున్నాయి. కుండ వెనక నుంచి గుడ్డలో చుట్టినదేదో తీసి, తీరిగ్గా నడిచి వచ్చి అంపైరు చేతిలో పెట్టాడు. ఆర్లిన్ అదంతా నోరు తెరుచుకుని చూశాడు.

అంపైరు బంతిని అలవాటుగా మోకాలికి అద్దుకుని, ఉలిక్కిపడి తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “ఇదేంటిది, ఉల్లిపాయ వాసన?”

“ఇవాళ ఊరంతా అదే వాసన. మీ టోపీ కూడా చూసుకోండి” అన్నాడు డెల్మర్.

అంపైరు టోపీ వాసన చూసుకుని ఒప్పుకున్నాడు.

కుర్ర పిచర్ విసిరాడు. ఆర్లిన్ కొట్టాడు. చేతులు జిల్లుమనలేదు. వెన్నలో కత్తి దిగినట్టు మెత్తగా తగిలింది. బంతి లేచింది. మొదటి బేసువాడి నెత్తి మీదుగా, కుడివైపు కంచె దాకా పోయి, దాణా కొట్టు ప్రకటన మీద బొమ్మ వేసి ఉన్న పంది నడినెత్తిన ఠంగుమని తగిలింది. ఆ పంది నెత్తిన నేటికీ సొట్ట ఉంది. మూడో బేసు మీదున్నవాడు నడుచుకుంటూ వచ్చి పరుగు పూర్తిచేశాడు. జనం కేకలు. మామూలు మనిషైతే రెండో బేసు చేరి, బట్టలు దులుపుకునే దెబ్బ అది.

ఆర్లిన్ పరుగెత్తాడు. పరుగెత్తాడనే అతని అభిప్రాయం. చూసినవాళ్ళ అభిప్రాయాలు వేరుగా ఉన్నాయి. పంది నెత్తి నుంచి తిరిగొచ్చిన బంతి సరిగ్గా అక్కడి కుర్రాడి చేతుల్లో పడింది. వాడు యథాలాపంగా మొదటి బేసు వైపు చూశాడు. నలభై నాలుగేళ్ళ మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడు. అలాంటిది చూశాక ఏ కుర్రాడి చెయ్యి ఊరుకుంటుంది? విసిరాడు. ఒక్క అడుగు తేడా.

“అవుట్!” అన్నాడు అంపైరు, గొంతులో బోలెడు విచారంతో.

పరుగు చెల్లింది. ఒకటి, సున్నా. హిట్ మాత్రం కాదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బెల్ ప్రెయిరీకి ఆఖరి వంతు. అంపైరు ఆ ఉల్లిపాయ బంతినే డెల్మర్‌కు విసిరాడు. ఆర్లిన్ క్యానులోంచి చల్లటి బంతి ఒకటి తీసుకుని, మైదానం మధ్యలో మట్టిదిబ్బ మీద నిలబడ్డ డెల్మర్ దగ్గరికి నడిచాడు.

“నీకు తెలుసా?”

“ముప్ఫయ్యేళ్ళుగా బంతి పట్టుకుంటున్నాన్రా. చెడర్ వాసన తెలీదనుకున్నావా? మొదటి ఆటలోనే తెలుసు.”

“మరి అనలేదేం?”

డెల్మర్ నేల వంక చూశాడు. “బాగుందిరా. ఓడిపోతున్నా బాగుంది. పోస్టాఫీసులో జనం నా చెయ్యి పట్టుకుని చూస్తున్నారు. నువ్వు సున్నా మీద సున్నా పెడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నా. నీ క్షవరం పందెం సంగతి ఇవాళే, ఆట మొదలయ్యాకే చెప్పాడు రోలాండ్. అప్పుడే ఒకటి పొయ్యి దగ్గర పెట్టొచ్చా.”

“సరే. ఇదిగో, చల్లది తెచ్చా. ఆ వేడిది నాకిచ్చెయ్.”

“అక్కర్లేదు.”

“వాళ్ళు కొడితే అయోవా పోతుందిరా!”

“పోనీ. నీ చోటుకి పో, పోయి కూర్చో. నీకు కూర్చోడానికే ఇంకో రెండు నిమిషాలు పడుతుంది.”

మొదటివాడు కొట్టాడు. బంతి ఎడమ కంచెకు వీపు ఆనించి నిలబడ్డవాడి చేతిలో పడింది. రెండోవాడు నిట్టనిలువుగా పైకి కొట్టాడు. బంతి కిందికి వచ్చేలోగా చర్చి గంట నాలుగూ నిదానంగా కొట్టింది, రెండో బేసు మనిషి తన మనవరాలి పేరు పక్కవాడికి చెప్పాడు, అప్పుడు పట్టుకున్నాడు. మూడోవాడు కొట్టింది సెంటర్ ఫీల్డులోకి పోయింది. కళ్ళజోళ్ళు మార్చుకునే వ్యవధి లేదని తెలిసి ఓరిన్ రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. అతనికి రెండు బంతులు కనబడ్డాయట. ఒకదాన్ని ఎంచుకుని పట్టాడు. అదృష్టం కొద్దీ నిజం బంతి అదే.

టోర్సన్ మిల్స్ గెలిచింది. ఆటగాళ్ళంతా డాక్టర్లు అనుమతించినంత ఎత్తు ఎగిరారు.

ఆర్లిన్ కొట్టంలోకి వెళ్ళి నాలుగో మేకు ముందు నిలబడ్డాడు. రోలాండ్ గుమ్మంలోకి వచ్చి టోపీ తీసి చేతిలో నలుపుతూ, “ఆ పరుగు నీ వల్లే వచ్చింది కదా. పోనీ ఇంకో వారం చూద్దామా?” అన్నాడు.

“హిట్టేనా అది?”

రోలాండ్ టోపీ మళ్ళీ తల మీద పెట్టుకున్నాడు. “కాదు” అన్నాడు.

ఆర్లిన్ పలక తీశాడు. వెనక గోడ మీద ఆ మేరకు తెల్లగా, రంగు కొత్తగా ఉంది. ఆ గోడ అసలు రంగు అదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పలక చంకలో పెట్టుకుని బయటికొస్తే డెల్మర్ ట్రక్కు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు, సారా కొట్టుదాకా దింపడానికి.

“బంతి ఒక్కటే పెట్టా. నీ మోకాళ్ళు కూడా ఆ పొయ్యి మీద పెట్టాల్సింది” అన్నాడు.

“పోనీవోయ్” అన్నాడు ఆర్లిన్. సారా కొట్టు దగ్గర అతను దిగుతుంటే డెల్మర్ స్టీరింగు వంక చూస్తూ, “ఆ క్యాను ఫ్యాక్టరీవాళ్ళకి ఇచ్చెయ్యరా. బంతులు నీ దగ్గరే ఉంచు, పొయ్యి పక్కన” అన్నాడు.

“పక్కనా?”

“మరీ ఉడకబెట్టకు.”

మరుసటి ఆదివారానికి నాలుగో మేకుకు కొత్త పలక వచ్చింది. వెస్లీ అనే కుర్రాడు. వయసు నలభై ఒకటి. దాంతో జట్టు వయసు ఒక్క దెబ్బకు మూడేళ్ళు తగ్గిందని రోలాండ్ షాపుకు వచ్చిన ప్రతి తలకూ చెప్పాడు. ఆ రోజు టోర్సన్ మిల్స్ పద్నాలుగు పరుగులు చేసింది. డెబ్బయ్యేళ్ళ ముసలాళ్ళు కూడా అలాంటిది చూడలేదన్నారు. అందరూ కొట్టారు, ఓరిన్ కూడా కొట్టాడు, కళ్ళు మూసుకుని డెల్మర్ రెండు కొట్టాడు. “కుర్ర రక్తం! నే చెప్పలా? ఒక్క కుర్రాడొస్తే చాలు!” అని రోలాండ్ కొట్టం ముందు అటూ ఇటూ తిరిగాడు. వెస్లీ ఆ రోజు నాలుగుసార్లు బ్యాట్ పట్టుకెళ్ళి నాలుగుసార్లూ అవుటయ్యాడు. ఆ సంగతి ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆర్లిన్ ఏప్రన్ కట్టుకుని, పట్టకారు పట్టుకుని, పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన బకెట్లో బంతులు హాయిగా వెచ్చబడుతున్నాయి. ఐదో ఇన్నింగ్స్‌లో అంపైరు ఒక కొత్త బంతిని వాసన చూసి, ఆట ఆపించి, వచ్చి రెండు సాసేజీలు తిని వెళ్ళాడు. ప్రతి ఇన్నింగ్స్ తర్వాతా డెల్మర్ చెమటలు కక్కుతూ వచ్చి పొయ్యి పక్కన నిలబడేవాడు. ఆట అయిపోయాక కూడా వచ్చాడు.

“ఎన్నిచ్చాను?”

“పదకొండు.”

“అయోవాకెన్ని పోయాయి?”

“రెండు. ఇంకోటి కోళ్ళగూట్లో పడింది. పాస్టరుగారు నీకోసం వెతుకుతున్నారు.”

డెల్మర్ కొట్టం వైపు చూశాడు. తొమ్మిదో మేకున అతని పలక అలాగే వేలాడుతోంది. ఆర్లిన్ సాసేజీని రెండోవైపుకు తిప్పాడు.

“ఆవాల ముద్ద వెయ్యనా?”

“వెయ్యి” అన్నాడు డెల్మర్.